పలక తిప్పితే బొమ్మ తిరగదు

మా కొట్టు వెనక గోడౌన్‌లో ఉన్న మిషన్ ఉత్త మొద్దు. కట్టింది నేనే కాబట్టి అనే హక్కు నాకుంది. ఎక్స్ ఇంత, వై ఇంత, జెడ్ ఇంత అని వరసగా రాసిస్తే అక్కడికి పోతుంది, తిరిగే ములుకును రాసినంత లోతుకి దించుతుంది, మళ్ళీ లేపుతుంది. కింద చెక్క ఉందా, రాయి ఉందా, మా నాన్న చెయ్యి ఉందా దానికి అనవసరం. కంప్యూటర్లో మనం ఎంత సొంపైన బొమ్మ గీసినా దానికి బొమ్మ తెలీదు, అంకెలే తెలుసు. బొమ్మని ఆ అంకెల్లోకి దించడమే నా పని. వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి విసుగు పుట్టేలా చెప్తాను. లక్ష్మణమ్మకి మాత్రం చెప్పలేదు. ఆ రోజు ఆవిడ చెప్పేది వినడంతోనే సరిపోయింది నాకు.

మాది ఆమదాలవలస. స్టేషన్ రోడ్డులో మా నాన్న రంగనాథం గారికి ఇనప సామాన్ల కొట్టు ఉంది. నేను డిప్లొమా చదివి, విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ళు చేసి, సూపర్‌వైజరుతో పోట్లాడి ఇంటికొచ్చేశాను. "ఝాన్సీకి నోరెక్కువ" అని మా వాళ్ళంతా ఏకగ్రీవంగా తీర్మానించేశారు. సరే, ఎక్కువే. మోటార్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, చట్రం మా కొట్టు సామానుతోనే బిగించుకుని ఈ మిషన్ కట్టేటప్పుడు ఆ నోరే పనికొచ్చింది. రెండేళ్ళుగా షాపుల పేర్లు, దేవుడి మందిరాల తలుపులు, పెళ్ళి మండపాలకి అక్షరాలు చెక్కుతున్నాను.

లక్ష్మణమ్మ కళింగపట్నం అవతల సముద్రపు ఒడ్డు పల్లె మనిషి. సంతకి ఎండుచేపలు తెచ్చి అమ్ముకుని, పోతూ పోతూ మా కొట్టులో నైలాన్ తాళ్ళు కొనుక్కునేది. 2019 మే నెలాఖరున ఒక మధ్యాహ్నం, పాత వలముక్కలో చుట్టిన పలక ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండడుగుల పొడుగు, జానెడున్నర వెడల్పు, మంచి మందం. ఉప్పునీటి మరకలు తెల్లగా తేలాయి.

"ఇది మా బోటులో అడ్డపలక పాపా. నా కొడుకు దీని మీదే కూకుని ఇంజిను పట్టుకునీవోడు" అంది.

ఆ కొడుకు పేరు అప్పలసూరి. కార్తీకంలో ముగ్గురు వేటకెళ్ళారు. బోటు తిరగబడింది. ఇద్దర్ని ఒరిస్సా బోటువాళ్ళు ప్రాణాలతో తీశారు, అప్పలసూరి దొరకలేదు. ఇరవై రోజులకి బోటు ముక్కలు ఒడ్డుకి కొట్టాయి. వాటిలో మిగిలింది ఈ పలకే. ఇదంతా ఆవిడ ఏడవకుండా, సంతలో ధర చెప్పినట్టు చెప్పింది.

"ఈ సెక్క మీద ఆడి మొకం రావాల. అమాస సోమారం పొద్దున్నే దీన్ని పాడె మీదెట్టి నిప్పెట్టాల."

నాకు ఒళ్ళు మండింది. "వారం రోజులు కళ్ళు పొడుచుకుని నేను చెక్కితే నువ్వు తగలెడతావా? దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి కాలుస్తారు కదమ్మా. దానికి నేనెందుకు, మిషనెందుకు?"

"గడ్డిబొమ్మకి మొకం ఉండదమ్మా. మొకం సూడకుండా నా కొడుక్కి నిప్పెలగ ఎట్టీది?"

పోట్లాడకుండా పలక అందుకున్నాను. అది తరచుగా జరిగే పని కాదు.

వేట నిషేధం రోజులు కాబట్టి మగాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. జూన్ పదిహేను దాటితే అందరూ సముద్రం మీదకి పోతారు, నలుగురు కూడే పని ఉండదు. అందుకే ఊరిపెద్ద సోములు ఆ అమావాస్య ఖాయం చేశాడట. "ఆడికి నిప్పు పడకపోతే నీళ్ళల్లోనే తిరుగుతాడు. కల్లోకొచ్చి సలేస్తందమ్మా అంటన్నాడు" అంది లక్ష్మణమ్మ. తరవాత గొంతు తగ్గించి అసలు మెలిక చెప్పింది. కోడలు తులసికి ఇది తెలియకూడదు. బంగ్లాదేశ్ ఒడ్డుకి కొట్టుకుపోయినవాళ్ళు ఆరు నెలలకి తిరిగొచ్చారని ఎవరో చెప్పారు, తులసి ఆ మాట పట్టుకుని కూచుంది. కర్మ మాట ఎత్తడానికొచ్చిన పెద్దల మీదకి కత్తిపీట ఎత్తిందట. "తెలిసిందంటే పలక ఎత్తుకు పారిపోద్ది. నా బాబుకి అదొక్కటే ఉన్నాది. నీ నోట రాకూడదు పాపా, ఒట్టెయ్యి" అని నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

ఒట్టేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాన్న ఊరికే అనడు.

ఆవిడ దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫోటో, ఎవరి పెళ్ళిలోనో ఫోన్‌తో తీసింది. అప్పలసూరి నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఫోటోని లోతుల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి తెలుపంటే ఎత్తు, నలుపంటే పల్లం. మొదటిసారి థర్మకోల్ మీద చెక్కితే పళ్ళు ముందుకి పొడుచుకొచ్చాయి, జుట్టున్న చోట గొయ్యి పడింది. చచ్చినవాణ్ణి పట్టుకుని దెయ్యాన్ని చేశానని నా మీద నాకే అసహ్యం వేసింది. మూడు రోజులు కూచుని ముక్కు, పెదాలు, కనురెప్పలు ఒక్కొక్కటే మౌస్‌తో దిద్దాను. మామిడి చెక్క మీద చెక్కి లక్ష్మణమ్మకి చూపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమింది.

"ముక్కు ఆడిదే. నవ్వు తీసీ పాపా. పోయినోడు నవ్వడు."

నవ్వు తీసేశాను. పెదాలు కలిపేశాను. ఆ బొమ్మని అంకెల్లోకి మారిస్తే రెండు లక్షల చిల్లర వరసలొచ్చాయి.

ఆదివారం పొద్దున్న లక్ష్మణమ్మ ఆటో దిగింది. వెనకాలే తులసి దిగింది. అత్త నా వైపు చూసిన చూపులోనే అంతా ఉంది: వద్దన్నా వినకుండా వచ్చేసింది, నువ్వు నోరు కట్టుకో. కొత్త బోటు కొంటే దాని ముందర బిగించడానికి ఈ ముఖం అని కోడలికి చెప్పిందట.

తులసికి ఇరవై నాలుగేళ్ళుంటాయి. సన్నగా, చురుగ్గా, చేతులనిండా గాజులతో ఉంది. లాప్‌టాప్ ముందు కూచుని తెర మీద మొగుడి ముఖం చూడగానే విరగబడి నవ్వింది.

"ఇదేటక్కా, మూతి బిగించీసినావు? మాయన నోరు మూసుకుని ఉండగా నానెప్పుడూ సూడనేదు."

"నవ్వు చెక్క మీద సరిగా రాదు" అన్నాను. అది ఆ రోజుకి నా మొదటి అబద్ధం.

"పోనీలే. ఎడం కనుబొమ్మ మీద గాటుంటాది, అదైనా ఎట్టు. గేలం గుచ్చుకున్నాది. ఆ గాటు నేకపోతే ఆయన కాడు."

లక్ష్మణమ్మ గోడకేసి చూస్తూ కూచుంది. నేను గాటు పెట్టాను. తులసి "ఇంకొంచెం పైకి, ఆఁ, ఇంకొంచెం వాలుగా" అంటూ తెర మీద వేలుపెట్టి చూపించింది. మళ్ళీ అంకెలు కట్టించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆ పిల్ల మిషన్ చుట్టూ తిరుగుతూ ఇదేటి, అదేటి అని అడుగుతూనే ఉంది. దానికి బొమ్మెలా తెలుస్తుందని అడిగింది. తెలీదని చెప్పాను. "ఇదిగో, ఈ మూల దానికి సున్నా. ఇక్కణ్ణించి ఇంత పక్కకి, ఇంత ముందుకి, ఇంత లోతుకి పొమ్మని రాస్తాను. చెక్క తీసేసి నీ చెయ్యి పెట్టినా అదే గీస్తుంది." తులసి కిసుక్కున నవ్వి చెయ్యి వెనక్కి లాక్కుంది.

పలకలో ఒక చిక్కుంది. ఒక కొసకి ఐదంగుళాల ఇవతల బోల్టు ఒకటి విరిగి లోపలే ఉండిపోయింది. పైకి కనపడదు, అయస్కాంతం పెడితే పట్టుకుంటుంది. ములుకు దానికి తగిలితే విరిగి చెక్కని చీల్చుకుంటూ ఎగురుతుంది. అందుకని బోల్టున్న కొసని నా వైపు ఉంచి, ముఖాన్ని అవతలి కొస వైపు జరిపి రాశాను. నేను మిషన్‌కి దక్షిణం పక్కన నిలబడతాను. గడ్డం నా వైపు, తల ఉత్తరానికి. లక్ష్మణమ్మ తల కొసన పసుపు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. పలకని ఆనుడు బద్దకి ఆనించి, రెండు కొసల మీదా అడ్డకర్రలు పెట్టి చేత్తో తిప్పే చెవులనట్లు నాలుగూ బిగించాను. పసుపు కర్ర కిందకి పోయింది. కాగితం ముక్క మాత్రమే దూరేంత సందు మిగిలేదాకా ములుకుని దించి సున్నా పెట్టాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆదివారం, మండుటెండ, ఎప్పుడొస్తుందో ఆ విద్యుత్ శాఖకే తెలీదు. మిషన్ మధ్యలో ఆగితే ఎక్కడున్నదీ మరిచిపోతుంది కాబట్టి కరెంటుని నమ్ముకోకుండా జనరేటర్ మీదే మొత్తం పని కానిచ్చేద్దామని దొడ్లోకి నడిచాను. "నాను లాగుతానక్కా" అని తులసి కూడా వచ్చింది. వల లాగిన చేతులు కదా, రెండో లాగుకే జనరేటర్ అందుకుంది. ఈలోగా నాన్న చప్పుడు చప్పుడని ముందునుంచి అరిచాడు, నేనూ అరిచాను, పావుగంట అలా గడిచిపోయింది. లోపలికొచ్చి, ఒళ్ళంతా చెమట, నోటినిండా తిట్లు, ములుకు ఎత్తు ఒక్కసారి సరిచూసుకుని స్టార్ట్ నొక్కేశాను. ఒక్కసారి వంగి ఆ అడ్డకర్రల కింద చూస్తే అయిపోయేది. చూడలేదు. ఆ తప్పు నాది, నా కోపానిది.

మొదటి విడతలో మిషన్ పైపైన చెక్కని గుల్ల చేస్తుంది. ముఖం కనపడదు, ఒక ముద్ద కనపడుతుంది. ముప్పావుగంట ముగ్గురం ఆ ముద్ద వైపే చూశాం. తరవాత సన్న ములుకు మార్చాను. ఈ విడత నా వైపు అంచునుంచి మొదలై, వెంట్రుకవాసి చొప్పున ఉత్తరానికి జరుగుతూ ముఖాన్ని తీస్తుంది. దుమ్ము లేస్తోంది, చెక్కలోంచి ఉప్పు వాసన, చేపల వాసన వస్తున్నాయి. పావుగంటకి మెడ దగ్గర గీత, తరవాత గుండ్రంగా గడ్డం, దాని మీద కింది పెదవి వచ్చాయి.

లక్ష్మణమ్మ లేచి నిలబడింది. గడ్డం వైపు చూసింది, అవతలి కొస వైపు చూసింది, మళ్ళీ గడ్డం వైపు చూసింది.

"ఓలమ్మో!" అని గట్టిగా కేకేసింది. "నాను తల దచ్చిణానికెడితే నా బాబు ఉత్తరానికి తిరిగిపోనాడే! ఆడు పోనేదు! ఉన్నాడు! ఉన్నాడే తులసీ, నీ మొగుడు ఉన్నాడు!"

నేను ఆవిడ వైపు తిరిగాను. "ఏటన్నావ్? పలక తిప్పావా?"

"తిప్పినాను. మీరు దొడ్లోకెళ్తే నట్లు తీసి తిప్పినాను. తల ఉత్తరానికి ఉంచీసినావు నువ్వు, పోయినోడిని అలగ పొడుకోబెడతారేటి? నాను దచ్చిణానికెట్టినాను. ఆడు వొప్పుకోనేదు. సూడు, తిరిగిపోనాడు!"

పాజ్ నొక్కాను. ములుకు పెదవి మీద ఆగింది, ఊరికే తిరుగుతూ రొద పెడుతోంది. ఆ రొదలో తులసి గొంతు చాలా చిన్నగా వినపడింది.

"తల దచ్చిణానికి ఎందుకెట్టినావత్తా?"

లక్ష్మణమ్మ సంతోషంలో ఉంది. కడుపులో దాచుకున్నదంతా ఒక్క ఊపున బయటికి కక్కేసింది. రేపు పాడె కట్టడం, సోములు కట్టెలు తెప్పించడం, నిప్పు పెట్టడం, అన్నీ. "ఇంకేటీ లేదే, మానీసినాను. ఆడే సెప్పీసినాడు కదా!" అని కోడలి గడ్డం పట్టుకుని ఊపింది. తులసి ఆ చేతిని నెమ్మదిగా తీసేసింది.

నాకు భయం వేసింది. ఆవిడ ముఖం అంతలా వెలిగిపోతుంటే ఎవరైనా ఏం చెప్తారు? నోరు మూసుకుని ఊరుకుంటే ఇద్దరూ ఆశతో ఇంటికి పోతారు. అప్పలసూరి మాత్రం నీళ్ళల్లోనే ఉంటాడు, రాత్రిళ్ళు చలేస్తోందంటాడు. ఒక ఒట్టు కోసం పొద్దుటినుంచి అబద్ధాలు ఆడుతూనే ఉన్నాను. ఇంకొకటి ఆడలేకపోయాను.

"లక్ష్మణమ్మా, విను. పలక తిప్పితే బొమ్మ తిరగదు. తల ఉత్తరానికని రాసింది నేను. దానికి చెక్క తెలీదు. నువ్వు తిప్పినా తిప్పకపోయినా అది ఉత్తరానికే కోస్తుంది. అప్పలసూరి తిరగలేదమ్మా."

"నీకేటి తెలుసే! నువ్వు రాసినావు, నాను తిప్పినాను. మజ్జిన ఆడి మాట ఆడు సెప్పినాడు." ఫోన్ తీసుకుని బయటికి నడిచింది. "సోములు మావా! మావా, రేపు రాకండి! నా కొడుకు బతికున్నాడు!" ఆ అరుపు మా కొట్టంతా వినపడింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు బోల్టు.

పలక తిరిగింది. బోల్టు ఇప్పుడు నా వైపు లేదు. అవతల, జుట్టు రావలసిన చోట ఉంది. మొదటి విడత పైపైనే కోసింది కాబట్టి దానికి తగల్లేదు. అయస్కాంతం పెట్టి చూశాను, టక్కున పట్టుకుంది. పాజ్ తీసి వదిలేస్తే ఇంకో రెండు గంటల్లో ములుకు సూటిగా వెళ్ళి దాన్ని గుద్దుతుంది. ముఖం నిలువునా చీలుతుంది. ఇంకో పలక లేదు.

తులసి స్టూలు మీద కూచుంది. "నీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"నవ్వు అందుకే తీసీసినావా?"

"అవును."

తిట్టలేదు. చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. ఆ సగం ముఖం వైపే చూస్తూ, "మిగతాది కోస్తావా?" అంది.

బోల్టు సంగతి చెప్పాను. జుట్టు వదిలేసి నుదురు దాకా కోస్తే తప్పించుకోవచ్చు, కనుబొమ్మ మీద గాటు దక్కుతుంది. అయితే ఆ రెండు లక్షల వరసల్లోకి వెళ్ళి బోల్టుకి ఇవతల ఎక్కడ ఆగాలో చేత్తో చూసి, ఆ పైవన్నీ చెరిపెయ్యాలి. చివర ములుకుని పైకి లేపే వరస ఒకటి చేర్చాలి. అది మరిస్తే పని అయిపోయాక ములుకు ముఖం మీదుగా గీసుకుంటూ తన మూలకి పోతుంది, ముక్కు ఎగిరిపోతుంది. ఈ మధ్యలో జనరేటర్ ఒక్క క్షణం ఆగినా మిషన్ ఎక్కడున్నదీ మరిచిపోతుంది. మొదలుపెట్టిన చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ తేలేను.

"కొయ్యి" అంది తులసి.

స్కేలు పెట్టి కొలిచాను. మళ్ళీ కొలిచాను. తెర మీద వరసలు కిందకి జారుతున్నాయి, కళ్ళు అలుక్కుపోతున్నాయి. బోల్టుకి అరంగుళం ఇవతల ఒక అంకె దగ్గర ఆగి, దాని కిందవన్నీ చెరిపేశాను. లేపే వరస రాశాను. పైకి చదివాను. ఎందుకో నమ్మకం కుదరక తులసి చేత కూడా చదివించాను. ఆ పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "పైకే కదా అక్కా?" అంది. పైకే.

వేలు స్టార్ట్ మీద పెట్టేసరికి ముందుగదిలో ఫ్యాన్ తిరిగింది. కరెంటొచ్చింది. నాన్న చెప్పుల చప్పుడు స్విచ్చు బోర్డు వైపు పోతోంది. కరెంటు రాగానే జనరేటర్ కట్టెయ్యడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు.

"నాన్నా! ఆ స్విచ్చు ముట్టుకున్నావంటే ఇద్దర్లో ఒక్కళ్ళమే మిగుల్తాం!" అని గోడలదిరేలా అరిచాను. చెప్పుల చప్పుడు ఆగింది. "దీని నోరు తగలడ!" అని గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. నా నోటికి ఆ రోజు దణ్ణం పెట్టుకున్నాను.

స్టార్ట్ నొక్కాను. ములుకు ఆగిన చోటనే పెదవి అందుకుంది.

రెండు గంటలు. పై పెదవి వచ్చింది, ముక్కు వచ్చింది, బుగ్గలు, మూసిన కళ్ళు వచ్చాయి. మధ్యలో జనరేటర్ రెండుసార్లు దగ్గింది, రెండుసార్లూ నా ప్రాణం పోయి వచ్చింది. బయట లక్ష్మణమ్మ ఒకరి తరవాత ఒకరికి ఫోన్ చేస్తూనే ఉంది. పక్క టీ కొట్టువాడికి కూడా చెప్పింది. ఆవిడ నవ్వు వినపడినప్పుడల్లా తులసి కళ్ళు తలుపు వైపు పోయి వచ్చేవి. ఎడం కనుబొమ్మ మీద గాటు పడినప్పుడు మాత్రం ఆ పిల్ల పళ్ళు బిగించి నా భుజం గట్టిగా పట్టుకుంది. నుదురు సగానికి పైగా వచ్చింది. ములుకు ఇంకో వరస, ఇంకో వరస జరిగి ఆగింది. క్షణం ఆగి, పైకి లేచింది.

మిషన్ కట్టేశాను. చెవులు గింగిర్లెత్తాయి. నుదుటి పైన జుట్టు లేదు, మొదటి విడత గుల్ల చేసిన చెక్కే ఉంది. మిగతాదంతా ఆ మనిషే. నేనెప్పుడూ చూడని మనిషి, వారం రోజులుగా చూస్తున్న మనిషి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

తులసి వంగి నోటితో ఊది కళ్ళలో దుమ్ము తీసింది. చీర కొంగుతో బుగ్గలు తుడిచింది.

"ఒకనాడు రాత్రి ఫోన్ మోగి ఆగిపోనాది అక్కా. ఆయనే అనుకున్నాను. ఒకనాడు కాకి ఇంట్లోకొచ్చి కూకుంది, కబురొస్తాది అనుకున్నాను. ఏడు నెల్లు ఇలాటివే ఏరుకున్నాను." తలుపు వైపు చూసింది. బయట లక్ష్మణమ్మ ఎవరికో ఉత్తరం, దక్షిణం చెప్తోంది. "సూడు, ఎలగ నవ్వుతందో. నానూ అలాగే ఉన్నానేటి ఇన్నాళ్ళూ?"

నేను అడ్డకర్రల మీది దుమ్ము దులిపాను.

తులసి నట్లు ఒక్కొక్కటే విప్పింది. పలకని రెండు చేతులతో ఎత్తుకుని, గోడౌన్ మధ్యలో పరిచి ఉన్న వలముక్క మీద దించింది.

"దచ్చిణం అటే కదా?"

చెయ్యి చూపించాను. మోకాళ్ళ మీద కూచుని పలకని తిప్పింది. తల దక్షిణానికి వచ్చేదాకా, గాజులు చప్పుడవకుండా, నెమ్మదిగా తిప్పింది. తరవాత గట్టిగా పిలిచింది.

"అత్తా! ఇలారా!"

లక్ష్మణమ్మ నవ్వుతూనే గుమ్మంలోకొచ్చింది. కింద పలక చూసింది. పక్కన కూచున్న కోడల్ని చూసింది. నవ్వు కాసేపు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

"మిషన్ తిప్పనేదత్తా, ఆయనా తిరగనేదు" అంది తులసి. "నానే ఎట్టినాను. సూడు. నీ కొడుకే."

లక్ష్మణమ్మ గుమ్మం పట్టుకుని కిందకి జారిపోయింది. పాక్కుంటూ వచ్చి ఆ ముఖం మీద రెండు చేతులూ వేసింది. ఆ వారంలో ఆవిడ ఏడవడం అదే మొదటిసారి చూశాను. అది ఏడుపులా లేదు, ఊపిరి అందనట్టుంది. ఆవిడ చేతిలోంచి జారిపడ్డ ఫోన్ నేల మీద మోగింది. ఆవిడే తడుముకుని చెవి దగ్గర పెట్టుకుంది. సోములు గొంతు నాకూ వినిపించింది.

"ఏటే లచ్చమ్మా, కట్టెలోడికి సెప్పాల, మనుసులకి సెప్పాల. రావాలా వద్దా? ఏటో ఒకటి తేల్చు."

తులసి ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"రండి మావా" అంది. "పెందలకడే రండి. మళ్ళీ ఎండెక్కిపోద్ది."